స్కిప్పింగ్ తాడుకి, ఉభయకుశలోపరి

మహారాజశ్రీ స్కిప్పింగ్ తాడు గారికి, మియాపూర్ నుంచి పదకొండు నెలల పిల్ల తల్లి వ్రాయునది ఏమనగా, ఇచ్చట మేమంతా క్షేమం, అచ్చట బెడ్‌రూమ్ తలుపు వెనక మేకుకి వేలాడుతూ తమరు కూడా క్షేమమని తలుస్తాను. క్షేమం అనే ముక్క మొదట్లో లేకపోతే అది ఉత్తరమే కాదని మా తాతయ్య అనేవారు కాబట్టి రాశా గానీ, ఆమధ్య ఒక ఆదివారం పొద్దున ఆరున్నరకి టెర్రస్ మీద మనిద్దరం కలిసున్న ఆ నలభై సెకన్లలో ఏం జరిగిందో నీకూ నాకూ వాటర్ ట్యాంకు మీద కూర్చున్న పావురానికీ తెలుసు. ఇక గార్లూ గీర్లూ వదిలేసి నువ్వనే పిలుస్తా, ఏమనుకోకు, మన మధ్య దాపరికాలకి ఇంక ఏం మిగిలింది గనక.

నీతో నాకు కొత్త పరిచయం కాదులే. తెనాల్లో మా ఇంటి వెనక తాడాటంటే నేనే. నీలాగా పింకు హ్యాండిళ్ళూ బేరింగులూ ఏం లేవు అప్పట్లో, పాత చేదతాడు ముక్క, రెండు చివర్లా రెండు ముళ్ళు, అంతే. ఇంటర్వెల్లో నూట యాభై కొట్టి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ నూట యాభై కొట్టేదాన్ని. ఆ ధైర్యంతోనే నిన్ను ఆన్‌లైన్లో రెండొందల నలభై పెట్టి కొన్నా. ఫోన్ తెరిస్తే చాలు, కాన్పై నలభై రోజులు కూడా తిరక్కుండానే పొట్ట పలకలా పెట్టుకుని గెంతుతున్న అమ్మాయి ఎవరో ఒకరు కనపడుతూనే ఉన్నారు కదా, నాకేం తక్కువ అనుకున్నా.

తక్కువేంటో నాలుగో గెంతుకి తెలిసింది. మొదట వెచ్చగా ఏదో అనిపించింది, చెమటేమో అనుకున్నా (పొద్దున ఆరున్నరకి, డిసెంబర్లో, చెమట!). ఏడో గెంతుకి చెమట కాదని తెలిసింది, ఆపుదామనుకునేలోపు కాళ్ళు అలవాటుకొద్దీ ఇంకో నాలుగు కొట్టేశాయి, పదకొండు దగ్గర ఆగి కిందికి చూసుకుంటే గ్రే కలర్ లెగ్గింగ్స్ మీద తొడల లోపలి వైపు ఆంధ్రా తెలంగాణా రెండు మ్యాపులూ వచ్చేసినయ్. గ్రే కలర్ కనిపెట్టినవాడు ఎవడోగానీ వాడికి పిల్లలు లేరు. సరిగ్గా అప్పుడే మూడో ఫ్లోర్ ఆంటీ వడియాల చీరతో మెట్లెక్కి వచ్చింది. నేను వాటర్ బాటిల్ మూత తీసి, ఆవిడ చూస్తుండగానే నా మీద నేనే పోసుకుని, "అయ్యో ఒలికిపోయింది ఆంటీ" అన్నా. ఆవిడ నన్నోసారి, బాటిల్‌నోసారి చూసి, "చల్లగాలిలో తడి బట్టలతో ఉండకు, చంటిదానికి జలుబు చేస్తుంది" అంది. నిన్ను చుట్ట చుట్టుకుని కిందికి పరిగెత్తుకొచ్చా. అంటే పరిగెత్తలేదు, పరిగెడితే మళ్ళీ అదే కథ కదా, మోకాళ్ళు రెండూ కలిపి పెళ్ళికూతురు పీటల దగ్గరికి నడిచినట్టు నడిచొచ్చా.

వారం రోజులు నిన్నే తిట్టుకున్నా. తర్వాత ఆలోచిస్తే నీ కంటే ముందు తిట్టాల్సినవాళ్ళు చాలామందే ఉన్నారు.

మా పురిటి సంగతి నీకు తెలీదు, నువ్వప్పటికి రాలేదు. నాకు జరిగిన మర్యాదలు మామూలువి కాదు. చెవుల్లో దూది పెట్టారు, గాలి చొరబడుతుందట. తలకి గుడ్డ కట్టారు. నడుముకి అమ్మమ్మ పాత నేత చీర మడతలు పెట్టి ఎంత గట్టిగా చుట్టారంటే తిన్న వెల్లుల్లి కారం అన్నం దిగాలా ఎక్కాలా అని ఆలోచించుకునేది. సాంబ్రాణి, కాయం, కాచిన నీళ్ళు, అవి కూడా లెక్కపెట్టి, "నీళ్ళెక్కువ తాగితే పొట్టొస్తుంది" అని. ఇరవై ఒకటో రోజు బారసాలకి బావిలో చేద వేయించాలి, మియాపూర్ అపార్ట్‌మెంట్‌లో బావెక్కడిది, కిచెన్ సింకు కుళాయికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, నా చేత దణ్ణం పెట్టించి స్టీలు చెంబుతో నీళ్ళు పట్టించారు. పిల్ల తల్లికి నీళ్ళకి కొదవ ఉండకూడదట. నిజంగానే ఏ కొదవా లేదు! ఇంట్లో ఉన్న కుళాయిలన్నిటినీ పట్టించుకున్నారు, వాషర్ పోయిన కుళాయి ఒకటి ఉందని మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఆరు వారాలకి చెకప్‌కి వెళ్తే డాక్టరమ్మ కుట్లు చూసింది, పిల్ల బరువు అడిగింది, రెండో బిడ్డకి గ్యాప్ ఉండాలని చెప్పింది, నెక్స్ట్ అంది. తుమ్మితే ఏమన్నా అవుతోందా అని ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు, మధ్యలో కర్టెన్ ఉన్నా అవతల మా మామగారు ఫైలు పట్టుకుని కూర్చున్నారు మరి. మా ఆయనకి రాత్రి లైటు తీసేశాక చెప్పా. కాసేపు ఆలోచించి, "కొంచెం కంట్రోల్ చేసుకోలేవా" అన్నాడు. పాపం చెడ్డవాడు కాదు, ఆ కంట్రోల్ స్విచ్చి ఎక్కడుందో ఆయనకి ఎవరు చెప్పారు గనక. రెండో సలహా, నీళ్ళు తగ్గించు. మూడో సలహా చిన్నత్తగారిది, ఇలా యూరిన్ లీకవడాన్ని ఎవరో స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్ అన్నారని చెప్తే మొదటి ముక్క పట్టుకుని, "అదే నేనూ అనేది, నువ్వు ఊరికే స్ట్రెస్ తీసుకుంటావ్, టెన్షన్ మానెయ్" అంది. ఇక్కడ స్ట్రెస్ అంటే మనసు మీద కాదత్తయ్యా, పొట్టలోంచి మూత్రాశయం మీద పడే ఒత్తిడి, దగ్గు, తుమ్ము, నవ్వు, గ్యాస్ సిలిండర్ లేపడం, గెంతడం, అని చెప్పబోయి ఊరుకున్నా. మా తోడికోడలైతే "నాది సిజేరియన్, నాకా బాధ లేదు" అని మురిసిపోయింది, తొమ్మిది నెలలు బరువు మోసింది మూత్రాశయం కింద ఉండే కండరాలే కాబట్టి సిజేరియన్ వాళ్ళకీ రావచ్చు, కాకపోతే కొంచెం తక్కువ. ఆవిడ ఈమధ్య తుమ్మే ముందు కుర్చీ పట్టుకుంటోంది, చూశాను, కానీ మనకెందుకు.

ఇంక మెడికల్ షాపు. పీరియడ్స్ ప్యాడ్‌తో నెట్టుకొద్దామనుకున్నా గానీ అది వేరే పనికి పుట్టింది, పల్చటిది ఒక్కసారిగా వస్తే మధ్యలో పీల్చుకునేలోపే అంచుల్లోంచి జారుకుంటుంది. లీకేజీ ప్యాడ్ ఉందా అని షాపతన్ని మెల్లగా అడిగా. అతను అంతకంతా గట్టిగా, "పెద్దవాళ్ళకా మేడం, తాతగారికా మామ్మగారికా, నడుం సైజెంత?" అన్నాడు. వెనక ఐదుగురున్నారు. "మామ్మగారికి" అన్నా. మా మామ్మ పోయి పన్నెండేళ్ళయింది, పైన ఎక్కడున్నా ఈ అపవాదు మోసినందుకు ఆవిడకి రుణపడి ఉంటా. అతను పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి, దాని మీద ఇంకో నల్ల కవర్ వేసి బాంబు ఇచ్చినట్టు ఇచ్చాడు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ అమ్మది. ఫోన్లో ఏడుపు ముఖం పెట్టుకుని చెప్తే, అమ్మ అటు పోపు వేస్తూ, "అదా" అంది. "నాకు నువ్వు పుట్టినప్పట్నించీ ఉందిగా."

నా వయసు ముప్పై రెండు.

ఫోన్ పెట్టేశాక ఒక్కోటీ గుర్తొచ్చాయి. బస్సెక్కే ముందు అమ్మ అందర్నీ వరుసగా బాత్రూంకి పంపి చివర్లో తను వెళ్ళడం. పెళ్ళిళ్ళలో బాబాయ్ జోకు మొదలెట్టగానే అమ్మ లేచి వంటింట్లోకి పోవడం, మేమేమో అమ్మకి హాస్యం పడదనుకునేవాళ్ళం. అమ్మ నవ్వే పద్ధతి ఒకటుంది, ఎడమ చెయ్యి పొత్తికడుపు మీద, పెదాలు బిగించి, ముక్కుతో, సగం నవ్వి ఆపేస్తుంది. దాన్ని మేము మర్యాద అనుకున్నాం, నన్ను కూడా చాలాసార్లు "అమ్మలాగా నెమ్మదిగా నవ్వడం నేర్చుకో" అన్నారు చూడు, నేర్చుకుంటున్నా.

అమ్మమ్మక్కూడా ఉండేదట. ఐదు కాన్పులు. గోంగూర పచ్చడి కొలతలు, ఆవకాయ కొలతలు, ఏ నక్షత్రంలో పుడితే శాంతి చేయించాలి, అన్నీ అమ్మమ్మ నించి అమ్మకి, అమ్మ నించి నాకు వచ్చాయి. ఇదొక్కటే, మాట రాలేదు, సరుకు మాత్రం వచ్చింది.

నాకు బాగా మండింది ఎక్కడో తెలుసా. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు కాన్పుల తర్వాత ఇలా లీకయ్యేవాళ్ళకి ఆ కండరాలు బిగించి వదిలే ఎక్సర్‌సైజులు పెట్టి, 1948లో దాని మీద వ్యాసం కూడా రాశాడు. 1948 అంటే మా అమ్మమ్మకి మూడేళ్ళు. అంటే మా ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళలో ఒక్కరు కూడా కనకముందే మందు తయారుగా ఉంది. మా వాట్సాప్ బాబాయ్‌ని అడిగితే మనవాళ్ళు యోగాలో మూలబంధం అని ఎప్పుడో చెప్పేశారమ్మా అంటాడు, చెప్పారేమో బాబాయ్, ఎవరికి చెప్పారో కనుక్కుని చెప్పు, మా వీధిలోకైతే రాలేదు.

చివరికి ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళా. చిన్నమ్మాయే, కానీ టేబుల్ మీద ప్లాస్టిక్ నడుం ఎముకల బొమ్మ పెట్టుకుని, ముందు ఎముక నించి వెనక తోకెముక దాకా ఉయ్యాలలాగా వేలాడుతున్న ఎర్ర కండరాలు చూపించింది. పెల్విక్ ఫ్లోర్. మూత్రాశయం, గర్భసంచి, పేగు, అన్నీ ఆ ఉయ్యాలలోనే కూర్చుంటాయి. బిడ్డ తల బయటికొచ్చేటప్పుడు అందులో ఒక భాగం మామూలు పొడవుకి మూడు రెట్లు సాగుతుందని లెక్కగట్టారట. మూడు రెట్లు! మా ఆయన షార్ట్‌కి అంత సాగిన ఎలాస్టిక్ ఉంటే పారేస్తాం, ఇదేమో చాలావరకు తిరిగి బిగుస్తుంది, కొంచెం పనిపెడితే.

ఆ పని కూడా నేను తప్పు చేస్తున్నా. వీడియో చూసి నేర్చుకున్నా కదా, ఊపిరి బిగబట్టి, పిరుదులు బిగించి, పొట్ట కిందికి తోస్తున్నా, అంటే బిగించాల్సిన చోట నెడుతున్నా. ఆ అమ్మాయి ఏమంది, గ్యాస్ ఆపుకున్నట్టూ యూరిన్ ఆపుకున్నట్టూ ఒకేసారి, లోపలికీ పైకీ లాగండి, ఊపిరి మామూలుగా నడవాలి, మొహంలో ఏం తెలియకూడదు. చేతనైనన్ని సెకన్లు పట్టి, అంతసేపూ వదిలెయ్యాలి, మెల్లగా పది సెకన్ల దాకా తీసుకెళ్ళాలి, ఒక్కో విడతకి ఎనిమిది సార్లకి తగ్గకుండా, రోజుకి మూడు విడతలు, మూడు నెలలు. వదలడం కూడా పనేనట, ఎప్పుడూ బిగించుకునే కూర్చుంటే అదొక తంటా. బాత్రూంలో మధ్యలో ఆపి చూడటం కండరం ఏదో గుర్తుపట్టడానికి ఒకసారి చాలు, రోజూ అదే పనిగా చేస్తే పూర్తిగా ఖాళీ అవదు. ఇంకొకటి, తుమ్ము వస్తుందని ముక్కు చెప్పగానే ముందే బిగించేయడం, తుమ్ము తర్వాత. ఇదొక్కటి పట్టుబడ్డాక మా ఇంట్లో పోపు వాసనంటే నాకు భయం పోయింది.

నీళ్ళు తగ్గించొద్దంది. తగ్గిస్తే మూత్రం చిక్కబడి మూత్రాశయానికి ఇంకా చిరాకంట, నేనేమో రోజుకి నాలుగు టీలు తాగేదాన్ని, టీ మాత్రం తగ్గించమంది, అక్కడ మాత్రం మా స్నేహం కొంచెం దెబ్బతింది. బయటికెళ్ళే ముందు నాలుగుసార్లు ముందుజాగ్రత్తకి బాత్రూంకి వెళ్ళొస్తున్నా కదా, దానివల్ల మూత్రాశయం పావువంతు నిండగానే బెల్లు కొట్టడం నేర్చుకుంటుందట, మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లాగా.

నీ గురించి కూడా అడిగా. బ్రిటన్లో ముగ్గురు ఫిజియోలు 2019లో గైడ్‌లైన్స్ రాశారట, కాన్పయ్యాక మూడు నెలలలోపు పరుగు మొదలెట్టొద్దని, ఆ తర్వాతైనా ముందు పరీక్షలు పాసవ్వాలని. ముప్పై నిమిషాల నడక, ఒంటికాలి మీద పది సెకన్లు, ఒక నిమిషం ఉన్నచోటే జాగింగ్, అటుపైన కాలికి పదేసి గెంతులు, ఎక్కడా చుక్క పడకుండా, కింద బరువుగా జారుతున్నట్టు అనిపించకుండా. ఇదేదో ఎంసెట్ కంటే కష్టంగా ఉందే అన్నా. నేనైతే పదకొండో నెలలో ఒక్క పేపర్ కూడా రాయకుండా డైరెక్టుగా ఫైనల్‌కొచ్చి నీ దగ్గర కూర్చున్నా.

కాబట్టి నీ మీద వేసిన కేసు వాపసు తీసుకుంటున్నా. ఇన్ని నెలల్లో అడక్కుండా నిజం చెప్పింది నువ్వొక్కదానివే, పదకొండు గెంతుల్లో. చెప్పే పద్ధతి మార్చుకుంటే బాగుండేది, టెర్రస్ మీద, గ్రే కలర్లో. ప్రస్తుతానికి నడకలో ఉన్నా, ఒంటికాలి పేపర్ పాసయ్యా, జాగింగ్‌లో ముప్పై ఐదో సెకను దగ్గర తప్పా. ఇంకా రెండు నెలలు నువ్వు మేకుకే ఉండాలి. పిల్ల ఈమధ్య నిలబడి నీ పింకు హ్యాండిల్ నోట్లో పెట్టుకుంటోంది, కొంచెం ఓర్చుకో.

ఇట్లు,
నల్ల లెగ్గింగ్స్ మూడు జతలు కొన్న మనిషి

తా.క. అమ్మకి కూడా నేర్పిస్తున్నా. ఈ వయసులో నాకెందుకే అంది, తర్వాత తనే సాయంత్రం ఐదింటికి ఫోన్ చెయ్యడం మొదలెట్టింది. ఇద్దరం స్పీకర్లో పెట్టి లెక్కపెడతాం. నిన్న ఎనిమిదోది పట్టి ఉంచి సెకన్లు లెక్కపెడుతూ ఉండగా నాన్న వచ్చి ఏంటి ఇద్దరూ అంకెలు చదువుతున్నారు అన్నారు, అమ్మకి నవ్వొచ్చి, పూర్తిగా, నోరు తెరిచి, నేనెప్పుడూ వినలేదలా. "ఏమైందే?" అన్నా కంగారుగా. "కొంచెమే" అంది, ఇంకా నవ్వుతూనే, "మళ్ళీ ఒకటి నించీ మొదలెట్టు."