‘పుట్’ గారికి, రాయదుర్గం బెంచీ మీద నుంచి

మహారాజశ్రీ ఆంగ్ల క్రియాపద చక్రవర్తి ‘పుట్’ గారి సముఖానికి, ఉప్పల్ వాస్తవ్యుడు, ఇరవై రెండేళ్లుగా ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేసుకుని బతుకుతున్న ఒక అల్పజీవి నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అని రాయడానికి చెయ్యి రావడం లేదు. తమరు కులాసాగానే ఉంటారు. నా సంగతి వినండి.

నిన్న పదకొండింటికి ఫోనుకు ఒక సందేశం వచ్చింది. నాలుగింటికి జరగాల్సిన సమావేశాన్ని రెండు గంటలు ‘పుట్ బ్యాక్’ చేశారట. పంపింది లండన్ నుంచి వచ్చి ఇక్కడి పని చూస్తున్న ఆవిడ. బ్యాక్ అంటే వెనక్కి. వెనకటికి ఒక ఊళ్ళో ఒక రాజు ఉండేవాడంటే అది గడిచిపోయిన కాలమే కదా. నాలుగు నుంచి రెండు గంటలు వెనక్కి నడిస్తే రెండు. ఆ మాత్రం లెక్క నాకు వచ్చు.

“పెరుగన్నమైనా తిని వెళ్ళండి” అని మా ఆవిడ అంటూనే ఉంది. వినలేదు. చెయ్యి కడుక్కుని పరుగెత్తి, ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, దాదాపు ఈ కొస నుంచి ఆ కొస దాకా నిలబడి, రాయదుర్గంలో దిగి, ఎండలో నడిచి, రెండుకు పది నిమిషాల ముందే ఆ అద్దాల మేడ గుమ్మం దగ్గరకు చేరాను.

“బ్యాగు ఇక్కడ పెట్టండి సార్. ఫోను ట్రేలో పెట్టండి. రిజిస్టరులో సంతకం పెట్టండి” అన్నాడు సెక్యూరిటీ గార్డు. అన్నీ పెట్టాను. కంప్యూటర్‌లో చూసి తల అడ్డంగా ఊపాడు.

“మీ పేరు ఆరింటికి ఉంది సార్. అప్పటిదాకా పాస్ రాదు.”

“ఆరు కాదు బాబూ, రెండు.”

“ఇక్కడ ఆరే పెట్టారు సార్.”

బయట ఒక రాతి బెంచీ, దాని పక్కన అలంకారం కోసం నాటిన ఒక తాటిజాతి మొక్క. దాని నీడ నా కుడి మోకాలికి సరిపోయింది. మిగిలిన నేను ఎండలో కూర్చుని, ఫోనులో తమరి చరిత్ర తిరగేశాను.

తమరు సామాన్యులు కారని అప్పుడే తెలిసింది. ఆక్స్‌ఫర్డ్ వారి పెద్ద నిఘంటువు 1989 ముద్రణలో అన్నిటికన్నా పొడవైన పద్దు ‘సెట్’ది. కొత్తగా సవరిస్తూ వచ్చినప్పుడు 2007లో ఆ కిరీటం తమరికి దక్కింది. 2011లో ‘రన్’ వచ్చి 645 అర్థాలతో తమరిని దించేసింది. నాలుగేళ్ళ ఏలుబడి! మా దగ్గర అసెంబ్లీకయినా అయిదేళ్ళ గడువు ఉంటుంది. పదవి పోయిన కసి మా మీద తీర్చుకుంటున్నారని నా అనుమానం.

చిన్న చిన్న నేరాలను నేను క్షమించేశాను. చొక్కా వేసుకుంటే పుట్ ఆన్, విప్పితే మాత్రం పుట్ ఆఫ్ కాదు, టేక్ ఆఫ్. మా ఇంట్లో ప్రతి స్విచ్చుకూ తెలిసిన ఆన్-ఆఫ్ వరస తమరికి తెలియదు, పోనీయండి. ఫైలును పై అధికారి బల్ల మీదకు పంపినా పుట్ అప్, అమీర్‌పేట హాస్టల్లో నలుగురితో గది పంచుకున్నా పుట్ అప్, ఆ గదిలోని నల్లులను భరిస్తే దానికి తోక తగిలించి పుట్ అప్ విత్. అదీ పోనీయండి. మా పక్కింటి అబ్బాయి చంకలో ఉన్న కుక్కపిల్లను కింద దింపి వస్తానని చెప్పబోయి, దాన్ని పుట్ డౌన్ చేసి వస్తానని లండన్‌లోని తన అధికారికి రాశాడు. అక్కడ ఆ మాటకు పశువైద్యుడి చేత సూది వేయించి ప్రాణం తీయించడమని అర్థం. సాయంత్రానికి సంతాప సందేశం వచ్చింది. కుక్కపిల్ల బతికే ఉంది కనుక అది కూడా వదిలేశాను.

కానీ ఈ ‘బ్యాక్’ను మాత్రం వదలను.

బ్రిటన్‌లో ఏటా అక్టోబరు ఆఖరి ఆదివారం తెల్లవారుజామున గడియారాలను ఒక గంట ‘పుట్ బ్యాక్’ చేస్తారు. రెండు కొట్టాల్సిన గడియారం ఒంటిగంటకు వస్తుంది. అంటే నా లెక్కే! ఈ ముక్క చదివి బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డాను. నాలుగు చూపించే గడియారాన్ని రెండు గంటలు పుట్ బ్యాక్ చేస్తే రెండు. నాలుగింటి సమావేశాన్ని రెండు గంటలు పుట్ బ్యాక్ చేస్తే ఆరు. అదే క్రియ, అదే క్రియావిశేషణం, అవే రెండు గంటలు. ఒకటి తూర్పుకు పోతే ఇంకొకటి పడమరకు పోతుంది. గోడకు గడియారం తగిలించి, దాని కిందే సమావేశం పెట్టుకుని, రెంటినీ ఒకేసారి పుట్ బ్యాక్ చేస్తే ఎవరు ఎప్పుడు రావాలి?

ఇక ‘గారు’ తీసేస్తున్నాను. నువ్వు ఆ గౌరవానికి తగవు. వరసలో నిలబడిన మనిషిని వెనక్కి నెడితే అతని వంతు ఆలస్యమవుతుంది, సమావేశమూ అంతే అని పండితులు నీ తరఫున వాదిస్తారు. వాదన నాకు అర్థమయింది. నా ఎడమ మోకాలికి అర్థం కాలేదు. ఇన్నేళ్ళ అనువాదంలో నిన్ను కొన్ని వేలసార్లు తెలుగు చేశాను. ఒక్కసారైనా ముందుగా చెప్పవేం?

‘పోస్ట్‌పోన్’ అని ఒక్క మాట రాస్తే సరిపోయేది. మా చిట్యాల బడిలో మాస్టారు నేర్పిన మాట అదే. అది చాలక దానికి జతగా మేము ‘ప్రీపోన్’ కూడా వాడుకలోకి తెచ్చుకున్నాం. దొరలు నవ్వారు. నవ్వనీ. ప్రీపోన్‌ను నమ్ముకుని ఎవరూ నాలుగు గంటల ముందు వచ్చి ఎండలో కూర్చోలేదు.

నాలుగున్నరకు గార్డు బయటకు వచ్చాడు. “సార్, ఒక్క నిమిషం ఈ సంచి చూసిపెట్టండి. మీకూ టీ తెచ్చిపెడతాను” అన్నాడు.

వెళ్ళిపోయాడు. నేను సంచి చూస్తూ కూర్చున్నాను. చూశాను సరే, ఎక్కడ పెట్టాను? అతను టీ తెస్తాడు, ఎవరికో చేసిన ఉపకారమని చెప్పడానికి ఆ ‘పెట్టు’ ఎందుకు వచ్చింది? కూడబెట్టు అంటే ఆస్తి, తగలబెట్టు అంటే బూడిద. కనిపెట్టినవాడు శాస్త్రవేత్త, కనిపెట్టుకుని ఉన్నవాడు కాపలాదారు. దణ్ణం పెడతాం, చిచ్చు పెడతాం, విస్తరి ముందు కూర్చోబెట్టి పేర్లు పెడతాం. ఈ వరసంతా ఆ లండన్ ఆవిడకు నేర్పాల్సి వస్తే నా గొంతు ఏ పక్కకు పోతుందో! 1852లో బ్రౌన్ దొర తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో మా పెట్టు పక్కన నిన్నే కూర్చోబెట్టాడు. పేరులో కూడా పోలిక ఉంది. చుట్టరికం లేదు గాని, దొంగలిద్దరికీ ముఖం ఒకటే.

అయినా మా పెట్టు పద్ధతి గలది. పక్క మాటను ముందు నడిపించి తాను చివర నిలబడుతుంది. నువ్వు ముందు దూకి, నీ ‘ఆఫ్’ను, ‘అవుట్’ను వాక్యంలో ఎక్కడో వదిలేసి పోతావు. మధ్యలో ‘ఇట్’ వస్తే మాత్రం పుట్ ఇట్ ఆఫ్ అనే తీరాలి, తిరగేస్తే పరువు పోతుంది. ఇన్‌పుట్, అవుట్‌పుట్ అన్నప్పుడు ఒక్కటే మా వరసలో బుద్ధిగా చివర నిలబడ్డావు. అందుకే కాబోలు, పంట పోయిన మా రైతు ఇన్‌పుట్ సబ్సిడీ అని తడుముకోకుండా అడుగుతాడు.

టీ బాగుంది. అల్లం ఎక్కువ వేశారు.

ఆరింటికి ఆవిడ కిందికి వచ్చింది. నా ముఖం చూసి కంగారుపడి, తెల్ల రుమాలు లాంటి నవ్వుతో అడిగింది: మిమ్మల్ని ‘పుట్ అవుట్’ చేయలేదు కదా?

ఇబ్బంది పెట్టలేదు కదా అని ఆవిడ ఉద్దేశం. నేను మాత్రం బెంచీ వైపు చూసి, “చేశారమ్మా. రెండు నుంచీ అవుటే” అన్నాను.

ఇంతే సంగతులు, చిత్తగించవలెను.

తాజా కలం: వచ్చే బుధవారం నాలుగింటి సమావేశాన్ని ఒక గంట ‘పుట్ ఫార్వర్డ్’ చేశామని ఇప్పుడే సందేశం వచ్చింది. గడియారం లెక్కలో అయిదు, సమావేశం లెక్కలో మూడు. పెరుగన్నం డబ్బాలో పెట్టించుకుని ఒంటిగంటకే వెళ్ళి గార్డు దగ్గర కూర్చుంటాను. ఈసారి అతనికీ ఒక ముద్ద పెట్టాలి.