ఎనుమాముల మన ఊర్లో ఉండగా ప్యాకెట్ కారం ఎందుకు?

మార్చి వచ్చిందంటే ఎనుమాముల మార్కెట్ దారి పొడుగునా మిర్చి బస్తాలే. పక్కనుంచి బండి మీద పోయినా తుమ్ములు ఆగవు. అలాంటి వరంగల్‌లో ఉండి, సూపర్ మార్కెట్‌కు పోయి పావు కిలో కారం ప్యాకెట్లు తెచ్చుకుంటున్నాం. నాకైతే ఇది అస్సలు మింగుడుపడదు.

ఏడాది కారం ఈ రెండు నెలల్లోనే పట్టించుకోవాలి. కొత్త కాయ వచ్చేది ఇప్పుడే, దాన్ని గలగలలాడేలా ఎండబెట్టే ఎండ ఉండేదీ ఇప్పుడే. వానాకాలంలో ముసురు పట్టాక కాయ ఆరదు. ఆరని కాయ పట్టిస్తే బూజు ఖాయం.

చాలామంది ఎరుపు, ఘాటు ఒకటే అనుకుంటారు. కాదు. మన చపాటా మిర్చినే చూడండి. టమాటాలా గుండ్రంగా, బొద్దుగా ఉంటుంది, రంగు బాగా దిగుతుంది, ఘాటు మాత్రం తక్కువ. 2025లో దీనికి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ప్రాంతపు పంటే అని చెప్పే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తేజ సన్నకాయ, దాని ఘాటు నసాళానికి అంటుతుంది. కూర ఎర్రగా లేదని ఇంకో చెంచా తేజ కారం వేసి, రాత్రంతా కడుపులో మంట అని బాధపడేవాళ్లను ఎంతమందిని చూశానో. రంగుకు చపాటా, ఘాటుకు తేజ. నేను రెండు పాళ్లు చపాటాకు ఒక పాలు తేజ కలుపుతాను. చిన్నపిల్లలున్న ఇంట్లో తేజ ఇంకా తగ్గించండి.

కొనేటప్పుడు కాయను విరిచి చూడండి. ఫట్‌మని విరగాలి. తోలులా వంగితే తడి ఉన్నట్టే. ఒకసారి ఒక దుకాణంలో తూకం కోసం నీళ్లు చల్లిన కాయ నాకు అంటగట్టారు. పైన చూస్తే ఎండుగా ఉంది, లోపలంతా మెత్తగా, చల్లగా ఉంది. అందుకే బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడాల్సిందే, వాళ్లు ఏమనుకున్నా సరే. తెల్లబారిన తాలు కాయను ఓపిగ్గా ఏరేయండి. అది కలిస్తే రంగూ పోతుంది, వాసనా పోతుంది. తొడిమలు కాయ పూర్తిగా ఎండాకే తీయాలి.

గిర్నీ దగ్గర "అమ్మా, కాయ ఇంకా మెత్తగుంది, రేపు తే" అని వెనక్కి పంపితే కోపం తెచ్చుకోకండి, అతను మీ మేలే చెప్తున్నాడు. పట్టించిన కారం వేడిగా ఉంటుంది. అలాగే డబ్బాలో పోసి మూత పెడితే లోపల చెమ్మ పట్టి గడ్డలు కడుతుంది. పాత చీర మీద నీడలో పల్చగా పరిచి, చల్లారాకే జాడీకి ఎత్తండి. రోజువారీ వాడకానికి చిన్న డబ్బా వేరే పెట్టుకోండి. అపార్ట్‌మెంట్‌లో ఉన్నా బాల్కనీలో కిలో కాయ ఎండుతుంది. మిక్సీని ఆపి ఆపి తిప్పితే సరిపోతుంది.

ఇంత మంచి కారాన్ని పొగలొచ్చే నూనెలో వేసి మాడ్చేయకండి. మిరపకాయ రంగు నూనెలో కరుగుతుంది, నీళ్లలో కాదు. స్టవ్ కట్టేసి, ఆ వేడి నూనెలోనే కారం వేసి ఒకసారి కలిపి, వెంటనే చింతపండు పులుసో టమాటానో పోయండి. ఎర్రటి నూనె పైకి తేలుతుంది. ప్యాకెట్ కారం మీద అనుమానముంటే గ్లాసు నీళ్లలో చిటికెడు చల్లి చూడండి. ఎర్రటి చారలు కిందికి దిగితే రంగు కలిపారన్నమాట.

మామిడికాయలు దిగే రోజులు దగ్గరపడ్డాయి. తొక్కుకు కొత్త కారమే కావాలంటే ఈ వారమే కాయ తెచ్చి డాబా మీద ఎండబోయండి.