ఎడిటింగ్‌లో పోయిన తప్పులే అసలు పాఠం

విశాఖ ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లలో చూసినా, మధురవాడ హాస్టళ్లలో చూసినా వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకునే పిల్లల స్క్రీను ఒకేలా ఉంటుంది. ఎడమ పక్క యూట్యూబ్, కుడి పక్క కోడ్ రాసే వీఎస్ కోడ్. ఆపుతూ, టైపు చేస్తూ, మళ్లీ నడుపుతూ గంటలో ఒక టూడూ లిస్టు తయారు చేసేస్తారు. అది పనిచేస్తుంది కూడా. అదే పిల్లల్ని వీడియో మూసేసి ఒక సెర్చ్ బాక్సు కట్టమంటే చెయ్యి ఆడదు. తప్పు పిల్లలది అనలేం. ఇంటరాక్టివ్ యాప్‌లో కష్టమంతా యూజర్ నొక్కిన క్షణానికీ జవాబు తెర మీద పడే క్షణానికీ మధ్యనే ఉంటుంది. వీడియోల్లో కత్తెర పడుతున్నది సరిగ్గా అక్కడే.

పాఠం చెప్పేవారి సర్వరు (యాప్ అడిగినదానికి జవాబిచ్చే ప్రోగ్రామ్) సాధారణంగా వాళ్ల లాప్‌టాప్‌లోనే నడుస్తుంది. రిక్వెస్టు వెళ్లిన కొన్ని మిల్లీసెకన్లకే జవాబు వస్తుంది, పంపిన వరసలోనే వస్తుంది. ఎర్రర్ వచ్చిన టేకు ఎడిటింగ్‌లో పోతుంది. చూసేవాళ్లకు మిగిలేది తప్పుల్లేని టైపింగ్.

విశాఖ బస్టాపులు వెతికే పెట్టె ఒకటి కడదాం. యూజర్ 'గ' కొట్టగానే ఒక రిక్వెస్టు వెళ్తుంది. దానికి గాజువాక, గోపాలపట్నం, గురుద్వారా అన్నీ సరిపోతాయి. 'గాజు' దాకా కొట్టేసరికి ఇంకొకటి వెళ్తుంది, దానికి గాజువాక ఒక్కటే జవాబు. బస్సులో కూర్చుని ఫోన్లో వాడుతున్నప్పుడు రెండోది ముందు వచ్చి, మొదటిది తర్వాత రావచ్చు. అప్పుడు పెట్టెలో 'గాజు' అని ఉంటే కింద గోపాలపట్నం కనిపిస్తుంది. కోడ్‌లో ఎక్కడా ఎర్రర్ ఉండదు, ఎర్రర్లు చూపే కన్సోల్ ఖాళీగా ఉంటుంది.

దీనికి చాలా వీడియోలు చెప్పే మందు డిబౌన్స్: 300 మిల్లీసెకన్లు ఆగి రిక్వెస్టు పంపడం. సర్వరు మీద భారం తగ్గుతుంది కాబట్టి అది కావలసిందే. వరస తప్పే జబ్బును మాత్రం అది నయం చేయదు. 'గ' కొట్టి అర సెకను ఆలోచించే మనిషికి రెండు రిక్వెస్టులూ వెళ్లిపోతాయి. అసలు మందు, పంపిన రిక్వెస్టును రద్దు చేసే అబార్ట్‌కంట్రోలర్. కొత్త రిక్వెస్టు పంపే ముందు పాతదాన్ని రద్దు చేయాలి, రద్దు వల్ల, ఎర్రర్లను పట్టే క్యాచ్‌లోకి వచ్చే అబార్ట్‌ఎర్రర్‌ను యూజర్‌కు చూపకుండా వదిలేయాలి. ఈ రెండో మాట మరిచిపోతే ప్రతి అక్షరానికీ 'ఏదో తప్పు జరిగింది' అని ఎర్ర అక్షరాలు మెరుస్తాయి.

ఈ జబ్బును మన లాప్‌టాప్‌లోనే పుట్టించి చూడొచ్చు. బ్రౌజర్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో స్పీడు తగ్గిస్తే రెండు జవాబులూ కలిసే ఆలస్యమవుతాయి, అందుకని అదొక్కటే చాలదు. సర్వర్‌లో జవాబును ఆలస్యం చేసే సెట్‌టైమవుట్ పెట్టి, ఒక్క అక్షరం వెతికితే 2000 మిల్లీసెకన్లు, ఎక్కువ అక్షరాలైతే 200 ఆగమని రాయండి. తప్పు ప్రతిసారీ కళ్లముందు కనబడుతుంది. ట్యుటోరియల్ తీసేవారు ఈ నాలుగు లైన్లకు రెండు నిమిషాలు ఇస్తే, బటన్‌కు రంగులు అద్దే పావుగంట పాఠం కంటే ఎక్కువ మేలు జరుగుతుంది.

రిక్వెస్టు పంపే ఫెచ్ దగ్గర ఇంకో గుంట ఉంది. సర్వరు 404 (అడిగింది లేదు) ఇచ్చినా 500 (సర్వరులో తప్పు) ఇచ్చినా ఫెచ్ దాన్ని ఎర్రర్‌గా లెక్కపెట్టదు. ట్రై, క్యాచ్ రాసేశాం కదా అని ధీమాగా ఉంటే, ఎర్రర్ పేజీగా వచ్చిన హెచ్‌టీఎంఎల్‌ను కోడ్ జేసన్ (డేటా పంపుకునే రూపం) అనుకుని చదవబోయి 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్' అంటూ కూలిపోతుంది. పిల్లలు జేసన్‌లో తప్పుందనుకుని అక్కడే గంటలు వెతుకుతారు. జేసన్ చదివే ముందు రెస్పాన్స్‌లో 'ఓకే' విలువ చూడటం ఒక్క లైను పని.

రియాక్ట్ (తెర మీది భాగాలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) వీడియోలైతే తేదీ చూడకుండా మొదలుపెట్టొద్దు. ప్రాజెక్టును సిద్ధం చేసిపెట్టే క్రియేట్ రియాక్ట్ యాప్‌తో మొదలయ్యే వీడియోలు ఇప్పటికీ బోలెడు. 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ బృందమే దాన్ని పక్కన పెట్టేసింది, కొత్త ప్రాజెక్టుకు వీట్ లాంటివి వాడుకోవాలి. 2022లో వచ్చిన రియాక్ట్ 18 నుంచి స్ట్రిక్ట్‌మోడ్‌లో, డెవలప్‌మెంట్‌లో మాత్రమే, కాంపొనెంట్ (తెర మీది ఒక భాగం) మొదట తెర మీదికి రాగానే ఎఫెక్ట్ (ఆ భాగం తెర మీదికి వచ్చాక నడిచే కోడ్) రెండుసార్లు నడుస్తుంది. పాత వీడియోలో ఒక రిక్వెస్టు, మన దగ్గర రెండు! స్ట్రిక్ట్‌మోడ్ తీసేయమనే సలహా వినకండి. శుభ్రం చేయని ఎఫెక్టులను పట్టివ్వడానికే అది అలా నడిపిస్తుంది. ఎఫెక్ట్ క్లీనప్‌లో పైన చెప్పిన అబార్ట్ రాస్తే మొదటి రిక్వెస్టు రద్దవుతుంది, గోపాలపట్నం గొడవా తీరుతుంది.

తెలుగులో చెప్పే ట్యుటోరియల్స్ పెరగడం నిజంగా సంతోషం. కానీ మాట తెలుగైనా డేటా ఇంకా లండన్ వాతావరణమే. బస్టాపుల పేర్లు తెలుగులో పెట్టి చూస్తే ఇంగ్లిష్ డేటాలో ఎన్నడూ ఎదురుకాని చిక్కులు బయటపడతాయి. అక్షరాలు కూర్చే కీబోర్డుతో టైపు చేస్తూ సరైన మాట ఎంచుకోవడానికి ఎంటర్ నొక్కితే, కీ నొక్కగానే వచ్చే కీడౌన్ ఈవెంట్‌లో ఎంటర్ కోసం కాచుకున్న కోడ్ సగం మాటతోనే సెర్చ్ పంపేయొచ్చు. ఈవెంట్‌లో ఈజ్‌కంపోజింగ్ (కూర్పు ఇంకా నడుస్తోందా అని చెప్పే విలువ) చూసి, నడుస్తుంటే ఆగాలి. ఇక మాట పొడవు చెప్పే లెంగ్త్ సంగతి. గాజువాక మన కంటికి నాలుగు అక్షరాలు, జావాస్క్రిప్ట్ లెక్కలో ఏడు, గుణింతపు గుర్తులు విడిగా లెక్కకొస్తాయి కనుక. 'రెండు అక్షరాలు కొట్టాకే వెతుకు' అని లెంగ్త్‌తో షరతు రాస్తే 'గా' అన్న ఒక్క అక్షరానికే అది దాటిపోతుంది. మాటను ముక్కలు చేసే ఇంటల్.సెగ్మెంటర్‌కు 'గ్రాఫీమ్' (కంటికి కనిపించే అక్షరం) అని చెప్పి లెక్కపెట్టిస్తే గాజువాకకు నాలుగే వస్తుంది.