భద్రతా హామీ గారికి మారతహళ్లి అద్దెవాసి రాయునది

మహారాజశ్రీ భద్రతా హామీ గారికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమేనని తలుస్తాను. మీకెప్పుడూ ఏమీ కాదు, మిమ్మల్ని నమ్ముకున్నవాళ్ల సంగతే ఆలోచించాలి.

మీ పరిచయభాగ్యం కలిగించింది మా పాత ఓనరు. పది నెలల అద్దె అడ్వాన్సుగా చేతిలో పోస్తూ, "ఖాళీ చేసేటప్పుడు మొత్తం తిరిగిస్తారు కదండీ?" అన్నాను. "ఏం యోచన చేయొద్దండీ, నేనుండాను కదా" అన్నాడు, అచ్చమైన బెంగళూరు తెలుగులో. ఖాళీ చేసిన రోజు ఆయన హాలు గోడని వేలితో రుద్ది, ఆ వేలిని నా కళ్ల ముందు పెట్టాడు. తెల్లగా ఉంది. పెయింటింగు కింద రెండు నెలల అద్దె కోత. వంటింట్లో కుళాయి కారుతోందని ఇంకో ఐదు వేలు. ఆ కుళాయి మేం పాలు పొంగించిన రోజు నుంచీ కారుతూనే ఉంది.

నాది డబ్బుతో పోయింది. ఉక్రెయిన్ మీ ముఖం చూసి ఏమిచ్చిందో గుర్తుందా? 1994 డిసెంబరు 5, బుడాపెస్టు. సోవియట్ యూనియన్ పోతూ పోతూ వదిలేసిన అణ్వాయుధాలు, అప్పటికి ప్రపంచంలో మూడో పెద్ద గుట్ట. పెద్ద క్షిపణులకూ బాంబర్లకూ పనికొచ్చేవే దాదాపు 1,900. (మీట మాస్కో చేతిలోనే ఉండేదిగా అంటారు. నిజమే. తాళంచెవి లేని బీరువా అయినా ఊరికే ఎవరు ఇచ్చేస్తారండీ?) 1996 జూన్ నాటికి ఆఖరిది కూడా రష్యాకు వెళ్లిపోయింది. బదులుగా అమెరికా, బ్రిటన్, రష్యా సంతకాలు పెట్టి మిమ్మల్ని చేతికిచ్చాయి.

మీ నామకరణానికి వాళ్లు పడ్డ జాగ్రత్త చూస్తే ముచ్చటేస్తుంది. ఇంగ్లిషు కాగితంలో 'గ్యారంటీ' అన్న మాట రాకుండా అమెరికావాళ్లు పట్టుబట్టి 'అష్యూరెన్స్' అని రాయించారు. ఉక్రేనియన్, రష్యన్ కాగితాల్లో మాత్రం గ్యారంటీ అనే ఉంది. మన భాషలో అయితే పూచీకీ హామీకీ ఉన్నంత తేడా. పూచీ పడ్డవాడి ఇంటికి అప్పులవాళ్లు వస్తారు. హామీ ఇచ్చినవాడు ఐదేళ్లకోసారి తనే మన ఇంటికి వస్తాడు.

2014లో ఉక్రెయిన్ చేతిలోంచి క్రిమియా పోయింది. సంతకం పెట్టిన ముగ్గురిలో ఒకరైన రష్యాయే పట్టుకుపోయింది. కంచే చేను మేస్తే ఏం చేయాలో మీ కాగితంలో ఉన్న మందు ఒకటే, కూర్చుని సంప్రదించుకోవడం. 2022 ఫిబ్రవరి 24న పూర్తిస్థాయి దండయాత్ర మొదలైంది. మర్నాడు భద్రతా మండలిలో తీర్మానం పెడితే 11 దేశాలు సరేనన్నాయి, రష్యా వీటో చేసింది. ఆ నెల అధ్యక్ష కుర్చీ కూడా రష్యాదే. మనమా? చైనా, యూఏఈలతో పాటు ఎటూ చెయ్యెత్తకుండా కూర్చున్నాం. అందుకని నేనూ మరీ గొంతు పెంచలేను.

మా పై ఫ్లాట్ ఆంటీ గారి అమ్మాయి అప్పట్లో ఉజ్‌హొరొద్‌లో ఎంబీబీఎస్ చదువుతోంది. సరిహద్దు దాటి హంగరీలోకి నడిచి, బుడాపెస్టులో ఆపరేషన్ గంగ విమానం ఎక్కి వచ్చింది. ఆంటీ గారు మర్నాడు గిన్నెడు పరమాన్నం తెచ్చి, "ఆ బుడాపెస్టు చల్లగుండాలి, పిల్లని కాపాడిందండీ" అన్నారు. మీ జన్మస్థలం గురించి ఏదో అనబోయాను. పరమాన్నం వేడిగా ఉందని ఊరుకున్నాను.

ఆ తర్వాతైనా మీ తమ్ముడు సైనిక సాయం వచ్చాడు, కాదనను. అతను లేకపోతే కీవ్ కథ ఇంకోలా ఉండేదేమో. కానీ ఆ రావడం కూడా మా సిల్క్ బోర్డు సిగ్నల్లో బస్సు వచ్చినట్టే. దండయాత్రకు ముందు జర్మనీ 5,000 హెల్మెట్లు ప్రకటించింది. తర్వాత ఏం పంపుతారు, దిండ్లా అన్నాడు కీవ్ మేయరు క్లిచ్కో. ట్యాంకులు కుదరవన్నారు, 2023 జనవరిలో కుదిరాయి. ఎఫ్-16 యుద్ధ విమానాలా, అమ్మో అన్నారు, 2024 ఆగస్టుకి వచ్చాయి. పన్నెండు నెలల్లో 10 లక్షల ఫిరంగి గుండ్లు ఇస్తామని 2023 మార్చిలో యూరోపియన్ యూనియన్ మాటిచ్చింది, గడువు నాటికి అందినవి సుమారు సగం. అమెరికాలో 6,100 కోట్ల డాలర్ల సాయం నెలల తరబడి సభలో నానింది. అది 2024 ఏప్రిల్లో బయటపడేలోపు గుండ్లు చాలక అల్లాడుతున్న ఉక్రెయిన్ సైన్యం అవ్‌దీవ్‌కా పట్టణం వదిలి వెనక్కి వచ్చేసింది. దూరం పోయే క్షిపణులిచ్చి, రష్యా లోపలికి మాత్రం కొట్టొద్దన్నారు. 2024 నవంబరు దాకా అదే వరస. మా అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్‌కి కర్ర ఇచ్చి, అది గేటు బయటికి పోకూడదని నోటీసు అంటించినట్టుంది.

ఇప్పుడు ఉన్న ఇంటికి అగ్రిమెంటు రాసేటప్పుడు 'హామీ' అన్న మాట కొట్టేసి, ఎన్ని రోజుల్లో ఎంత ఇస్తారో అంకెల్లో రాయమన్నాను. కొత్త ఓనరు నన్ను ఎగాదిగా చూసి, "మా మీద నమ్మకం లేదా సార్?" అన్నాడు.

చిత్తగించవలెను.

ఇట్లు,
మారతహళ్లి అద్దెవాసి

తా.క. 2025 ఆగస్టులో మిమ్మల్ని మళ్లీ ముస్తాబు చేయడం మొదలుపెట్టారు. ఈసారి నాటో ఐదో అధికరణం (ఒకరి మీద దాడి అంటే అందరి మీదా దాడే అనేది) 'లాంటి' హామీ అట. మా వీధి చివర ఆంధ్రా మెస్సులో పప్పన్నం మీద ఒక గరిటె వేస్తారు. నెయ్యేనా అని అడిగితే, వడ్డించే కుర్రాడు నా వైపు చూడకుండా పక్క విస్తరికి జరుగుతూ "నెయ్యి లాంటిదే సార్" అంటాడు.