మూడు వందల మీటర్ల అవతల

విజయవాడ ఆఫీసులో కూర్చున్న ప్రభుత్వ పురావస్తు ఉద్యోగి బల్ల మీదికి సోలార్ పార్కు ఫైలు వచ్చేసరికి, ఊళ్ళో జరగాల్సిన తతంగమంతా జరిగిపోయి ఉంటుంది. ఒప్పందం మీద సంతకాలయ్యాయి. పేపర్లో ఫొటో పడింది. రెవెన్యూ వాళ్ళు సర్వే నంబర్ల జాబితా తయారు చేసి ఇచ్చేశారు. ఇక ఆయన చెప్పాల్సింది ఒక్కటే: దగ్గరలో రక్షిత కట్టడం ఉందా, ఉంటే ఎంత దూరం? వంద మీటర్ల లోపయితే నిషిద్ధ ప్రాంతం. ఆపైన రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. మూడొందలు దాటితే అభ్యంతరం లేదు. ప్రాచీన కట్టడాల రక్షణకు చేసిన 1958 నాటి చట్టానికి 2010లో తెచ్చిన సవరణ ఆయన చేతికిచ్చిన కొలబద్ద అది. దానికి శాసనాలు చదవడం రానక్కర్లేదు, మట్టి పొరలు గుర్తుపట్టనక్కర్లేదు. మ్యాపు మీద గీత గీయడం వస్తే సరి.

ఆ నేల మీద ఏముందన్న ప్రశ్న మాత్రం ఫైల్లో ఎక్కడా ఉండదు.

పటమటలో ఉండే ఒక రిటైర్డ్ పురావస్తు ఉద్యోగితో ఈ మధ్య మాట్లాడాను. సర్వీసంతా ఇలాంటి ఫైళ్ళు చూసిన మనిషి. అభ్యంతరం లేదని తాను రాసిన స్థలాల్లో కాలు పెట్టి చూసినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చట. సొంత డబ్బుతో బస్సెక్కి వెళ్ళి చూసినవి కూడా అందులోనే ఉన్నాయి. ఆయన మీద నాకు కోపం రాలేదు. జీపుండదు, డీజిలుండదు, కింద మనుషులుండరు. పై నుంచి మాత్రం ఫలానా తేదీలోగా జవాబు పంపమని గడువు ఉంటుంది.

నేపథ్యం అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్పుకుందాం. 2024 అక్టోబరులో వచ్చిన రాష్ట్ర క్లీన్ ఎనర్జీ విధానం 160 గిగావాట్లకు పైగా సామర్థ్యాన్ని, పది లక్షల కోట్ల రూపాయల పెట్టుబడుల్ని లక్ష్యంగా పెట్టుకుంది. సోలార్‌కు మెగావాటుకు నాలుగైదు ఎకరాలు కావాలి. 160లో సగం సోలార్ అనుకున్నా నాలుగు లక్షల ఎకరాల మాట. గని, శకునాల దగ్గరున్న వెయ్యి మెగావాట్ల కర్నూలు పార్కు ఒక్కదానికే ఆరు వేల ఎకరాల దాకా పట్టింది. ఇంత నేల మీద పలకలు పరిచే పనికి 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ కింద ముందస్తు అనుమతి అక్కర్లేదు. గాలిమరలకూ అంతే. పొగ రాదు కాబట్టి మినహాయించారు, బాగానే ఉంది. కానీ ఆ మినహాయింపుతో పాటే, బుల్డోజరు రాకముందు ఆ నేలను ఎవరో ఒకరు కళ్ళతో చూడాలన్న చివరి అవకాశం కూడా పోయింది.

ఈ కథలో నన్ను నిద్రపోనివ్వని మాట ‘ఖాళీ’. సోలార్ కంపెనీకి ఎలాంటి భూమి కావాలి? చదునుగా ఉండాలి, నీటి వసతి ఉండకూడదు, చవగ్గా దొరకాలి, మనుషులు ఉండకూడదు. గాలిమరకైతే ఎత్తయిన గట్టు కావాలి. రెవెన్యూ భాషలో ఇదంతా బంజరు, పోరంబోకు, గుట్ట. అయితే నాగలి పడని నేల అంటే వేల ఏళ్ళుగా ఎవరూ కదపని నేల అని కూడా అర్థం. కృష్ణా డెల్టాలో పాత ఊళ్ళన్నీ మన వరి చేల కింద, మన అపార్టుమెంట్ల కింద నలిగిపోయాయి. రాయలసీమ మెట్టల్లో, పల్నాటి గుట్టల్లో ఇంకా పైకే కనిపిస్తున్నాయి. ఎవరికీ పనికిరాని నేల కాబట్టే మిగిలాయి. ఇప్పుడు ఆ నేలకు గిరాకీ వచ్చింది.

ఒక్క నంద్యాల జిల్లానే చూడండి. బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో సుమారు 74 వేల ఏళ్ళ కిందట ఇండోనేషియాలోని తోబా అగ్నిపర్వతం చిమ్మిన బూడిద పొర ఉంది. ఆ పొర కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. అంత పెద్ద ఉత్పాతం తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికే ఉన్నారని దాని ఆధారంగానే పరిశోధకులు వాదించారు. ఆ బూడిదనే మనవాళ్ళు తవ్వి అమ్ముకున్నారు. బేతంచెర్ల దగ్గర బిల్లసుర్గం గుహల్లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1880లలోనే తవ్వకాలు జరిపాడు. పాణ్యం మండలం పిన్నాపురంలో ఇప్పుడు మనం గొప్పగా చెప్పుకుంటున్న, నీటిని పైకి తోడి తిరిగి కిందికి వదిలి కరెంటు తీసే పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు ఉన్నదీ ఇదే జిల్లాలో. ఇంకాస్త పడమరకి వెళితే అనంతపురం వైపు, కళ్యాణదుర్గం దగ్గరి పాలవాయిలో కొత్త రాతియుగపు పశుపాలకులు పేడను కుప్పపోసి కాల్చగా మిగిలిన బూడిద దిబ్బలున్నాయి. నాలుగైదు వేల ఏళ్ళ నాటి పశువుల కొట్టాలవి. తెలియనివాడి కంటికి అది తెల్లటి మట్టికుప్ప. డోజర్ డ్రైవరు కంటికీ అంతే.

సోలార్ పలకలు నేలను పెద్దగా తవ్వవు కదా అంటారు. ఆ మాట అనేవాళ్ళు పార్కు కట్టేటప్పుడు వెళ్ళి చూడలేదు. ముందు చదును చేస్తారు, వాగుల దారి మళ్ళిస్తారు, స్తంభాలు దింపుతారు, కేబుళ్ళకు కందకాలు తీస్తారు. గాలిమర పునాది అయితే పదిహేను, ఇరవై మీటర్ల వెడల్పున గుంత. దాని చుట్టూ క్రేను నిలబడే వేదిక, అక్కడి దాకా గుట్ట కోసి వేసిన రోడ్డు. గుడికైతే పునాది ఉంటుంది, కూలినా ఆనవాలు మిగులుతుంది. ఇలాంటి మెట్టల్లో రాతియుగపు స్థలం చాలాసార్లు పై జానెడు మట్టిలోనే ఉంటుంది. ఏ రాయి పక్కన ఏ రాయి పడి ఉందన్నదే అక్కడి చరిత్ర. ఒక్కసారి బ్లేడు లాగితే రాళ్ళు ఎక్కడికీ పోవు, చరిత్ర పోతుంది.

అడ్డు చెప్పేవాళ్ళ మాటా వినాలి. కరెంటు కావాలి, బొగ్గు మానాలి, ప్రతి ఫైలుకీ ఇంకో శాఖ తోడైతే పెట్టుబడి పక్క రాష్ట్రానికి పోతుంది అంటారు. మొదటి రెండింటికీ నాకు అభ్యంతరం లేదు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ బూడిద పీల్చి పెరిగిన ఊరు మాది. సోలార్ వద్దనే హక్కు విజయవాడ వాడికి అందరికంటే తక్కువ. మూడోదే ఒప్పుకోను. ఆలస్యం సర్వే వల్ల రాదు, పని సగంలో ఉండగా శిల్పం బయటపడి కోర్టుకెక్కితే వస్తుంది. ముందే నడిచి చూస్తే నాలుగు వేల ఎకరాల్లో ఓ పాతికో యాభయ్యో ఎకరాలు పక్కన పెట్టి మిగతాది వాడుకోవచ్చు.

విద్యుత్తు, పురావస్తువు పొసగవన్న వాళ్ళకి పాత గుంటూరు జిల్లా చరిత్రే జవాబు. నాగార్జునకొండ లోయ సంగతి 1926లో వెలుగులోకి వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ అక్కడ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. దాని కంటే ముందే, 1954లోనే, ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయ తవ్వకం మొదలైంది. 1960 దాకా సాగింది. రాతి పనిముట్ల నుంచి ఇక్ష్వాకుల రాజధాని విజయపురి దాకా వందకు పైగా స్థలాలను నమోదు చేశారు. ముఖ్యమైన కట్టడాలను ఎత్తుకెళ్ళి కొండ మీదా అనుపులోనూ తిరిగి కట్టారు. డ్యాము ఆగలేదు. 1967 నాటికి నీళ్ళు నిలిచాయి, తర్వాత ఎనిమిది వందల మెగావాట్ల పైచిలుకు విద్యుత్ కేంద్రమూ వచ్చింది. తిండిగింజలకు ఓడల వైపు చూసిన పేద దేశం ఆరేళ్ళు కేటాయించగలిగింది. నేటి పెట్టుబడిదారు ఆరు నెలలు ఇవ్వలేడా? లోయంతా మునిగిందన్న బాధ నాకూ ఉంది. అయినా ఏం మునిగిందో మనకు తెలుసు.

తెలియకుండా పోగొట్టుకున్న కథా ఈ జిల్లాదే. బౌద్ధ స్తూపం ఉన్న అమరావతి దిబ్బను జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు ఇటుకల కోసం తవ్వారు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చేసరికి స్తూపం నడుమ చెరువు తవ్వి ఉంది. మిగిలిన శిల్పాల్లో కొన్ని చెన్నై మ్యూజియానికి, కొన్ని లండన్‌కి చేరాయి. వెంకటాద్రి నాయుడు చెడ్డవాడేం కాదు, ఊరు కట్టాలనుకున్నాడు. మన అధికారులూ ఊళ్ళు బాగుపడాలనే అనుకుంటున్నారు.

మరి చట్టం ఏం చెబుతోంది? రక్షిత జాబితాలో లేని నేలలో ఏదైనా దొరికితే పట్టుకునే పాత ఆయుధం 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం. పది రూపాయలకు మించిన విలువైనది భూమిలో దొరికితే కలెక్టరుకు చెప్పాలంటుంది. పది రూపాయలు! చెకుముకి రాయి పెచ్చుకు ఏ కలెక్టరు ధర కడతాడు? ఇక రక్షిత జాబితా సంగతి. 2013లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 1,655 కట్టడాలను తనిఖీ చేస్తే 92 కనిపించలేదు. 2024లో 18 కట్టడాలను జాబితాలోంచి తొలగించేందుకు కేంద్రమే నోటిఫికేషన్ ఇచ్చింది. అంటే మూడొందల మీటర్లు ఎక్కడి నుంచి కొలవాలో కూడా అన్నిచోట్లా ఖాయం లేదు.

అమెరికాలో చారిత్రక స్థలాల రక్షణకు చేసిన 1966 చట్టంలోని 106వ సెక్షన్ కింద, ఫెడరల్ భూమి మీద సోలార్ ప్లాంటుకు అనుమతి ఇవ్వాలంటే ముందు ఎడారిలో మనుషులు వరసలు కట్టి నడుస్తారు. ఆ నివేదికను ప్రభుత్వ పురావస్తు ఉద్యోగి పరిశీలిస్తాడు. ఫ్రాన్స్ 2001లో నిర్మాణానికి ముందు జరిగే తవ్వకాలకు ప్రత్యేక చట్టమే చేసింది. ఖర్చు నిర్మాణం చేసేవాడిదే. మనం అడగాల్సిందీ ఇంతే. భూమి కేటాయించక ముందు నడక సర్వే జరగాలి, ఖర్చు కంపెనీ భరించాలి, నివేదిక ప్రభుత్వానికి అందాలి. ‘వెళ్ళి చూశాను’ అని రాయలేని అధికారికి సంతకం పెట్టే అధికారం ఉండకూడదు.

అసలు ఎక్కడ వెతకాలో చెప్పే జాబితా మన దగ్గర ఉంది. పురావస్తు శాఖది కాదు, ఊరి జనం నోటిది. అమరావతి దిబ్బను స్థానికులు దీపాలదిన్నె అనేవాళ్ళు. భట్టిప్రోలు స్తూపం ఉన్న దిబ్బను లంజదిబ్బ అన్నారు. ఘంటసాలలోనూ అదే పేరు. బౌద్ధం మీద తర్వాతి కాలానికున్న చిన్నచూపంతా ఆ ఒక్క మాటలో ఉందని నా అనుమానం, అది ఇంకో వ్యాసం. పాత ఊరు కూలి మట్టయిపోయిన చోటుని పాటి అంటారు. పాటిమన్ను ఎరువుగా పొలానికి తోలుకున్న రైతుకి అందులో పెంకులూ పూసలూ ఎందుకొస్తాయో తెలుసు. బండల సమాధులను రాకాసి గుళ్ళన్నారు. సీమలో బూడిద తిప్ప పేరుతో ఉన్న ప్రతి చోటికీ ఒకసారి వెళ్ళి రావాలి. చేను పేరు మనకున్న అతి చవకైన పురావస్తు పటం. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు ఎగిరాయి, హద్దులు అంగుళాలతో తేలాయి, పాత సర్వే నంబర్లు పోయి ఎల్పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. కొలత విషయంలో మంచి పనే. కానీ ఆ చేనుని ఏమంటారని సర్వేయరు రైతుని అడిగే గడి అందులో లేదు. ఉండుంటే సోలార్ ఫైలు వచ్చిన రోజున పటమట పెద్దాయన స్థానంలో కూర్చున్న కుర్ర ఆఫీసరు కంప్యూటర్లో ‘పాటి’ అని వెతికి, ఫలానా నంబర్లకి వెళ్ళి చూడాలని రాసేవాడు.

పెద్దాయన ఆ పని చేత్తో చేశాడు. సత్తెనపల్లి, కారంపూడి వైపు ఊళ్ళు తిరిగినప్పుడల్లా చేల పేర్లు, దిబ్బల పేర్లు, ఎవరు చెప్పారో కూడా రాసి పెట్టుకున్నాడు. అట్ట చిరిగిన నోటుపుస్తకాలు పదకొండు. ఈ వివరాలు కావాలని ఇప్పటిదాకా ఏ ఆఫీసూ అడగలేదట. ఇంటికి సున్నం వేయించేటప్పుడు అటక మీదకెక్కించారు, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.