ఇది వేటంటే మన కన్నప్ప నవ్వుతాడబ్బా

నిన్న పొద్దున్నుంచి మా ఫ్యామిలీ గ్రూప్‌లో ఒకటే రచ్చ. టెక్సాస్‌లో ఉండే మా మేనత్త కొడుకు ఒక ఫోటో పెట్టినాడు, చచ్చిన జింక పక్కన మోకాళ్ళ మీద కూర్చోని, కొమ్ములు రెండు చేతుల్తో పట్టుకోని, పెళ్ళి ఫోటోలో మాదిరి నవ్వు. ఫాలో డీర్ అంట (ఇన్‌స్టా ఫాలో కాదు). ఒంటి మీద మన దుప్పి లెక్కనే చుక్కలు, కొమ్ములు మాత్రం పైన అరచెయ్యి మాదిరి వెడల్పుగా పరుచుకుంటాయి, డబ్బు తీసుకోని వేటాడించే ర్యాంచ్‌లో ఆ వెడల్పుకే అంత డబ్బు. 'కొండ కింద పుట్టినోడివి ఇదేం పాపంరా' అని మా అవ్వ వాయిస్ మెసేజ్.

పాపం సంగతి నేను మాట్లాడను, ఆదివారం ముక్క లేంది మా ఇంట్లో ముద్ద దిగదు. ఆ జింకలు టెక్సాస్‌వి కావు, మనుషులు తెచ్చి వదిలినవి, అదీ నిజమే. న్యూజిలాండ్‌లో అయితే గబ్బిలాలు తప్ప సొంతంగా నేలమీద పాలిచ్చే జంతువే లేదు, అట్టాంటి చోట ఇవి దిగి అడివి మొలకలన్నీ మేసేస్తా ఉంటే కాల్చక ఏం చేస్తారు, ఒప్పుకుంటా.

కానీ మావోడు చెప్పింది వినండి. ఎనిమిదడుగుల కంచె. లోపల టైమర్ పెట్టిన డబ్బా, రోజూ అదే టైముకి మొక్కజొన్నలు చల్లుతుంది, మనింటి కుక్కకి అన్నం టైము తెలిసినట్టు వాటికీ తెలుసు. ఈయన గైడ్‌తో చెక్క గూట్లో కూర్చున్నాడు, గైడే దూరం కొలిచినాడు, గైడే ఏది కాల్చాలో చూపించినాడు, తుపాకి సర్ది 'ఇప్పుడు' అన్నది కూడా గైడే, మనోడు వేలు కదిపినాడంతే. తర్వాత నాలుక లోపలికి నెట్టి రక్తం తుడిచి ఫోటోకి తల నిలబెట్టింది మళ్ళీ గైడే!! దెబ్బ తగిలి పారిపోయి దొరక్కపోయినా బిల్లు కట్టాల్సిందేనంట, రక్తం చుక్క కనిపిస్తే లెక్కలోకి వచ్చేసినట్టే. అచ్చం వీఐపీ బ్రేక్ దర్శనం.

పక్కనే శ్రీకాళహస్తి, తిన్నడు బోయోడు, అడివిపంది మాంసం కాల్చి ఏ ముక్క బాగుందో కొరికి చూసి మరీ శివుడికి పెట్టినాడు, ఆయన్ని ఎవరన్నా పాపిష్టోడన్నారా? గుళ్ళో పెట్టి మొక్కుతా ఉండాం. ఆయన పందెనకాల అడివంతా పరిగెత్తినోడు, ఆ పంది తప్పించుకునే దారి కూడా ఉండింది.

ఇంకోటి, ఆ రేట్ల లిస్టు పంపించినాడు, కిందికి పోతే మన కృష్ణజింక, మన దుప్పి! 1930ల్లో టెక్సాస్‌కి తీసకపోయినవాటి సంతానం. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు సామీ, ఇక్కడ 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద వేటాడితే జైలు, ఆడ దాని పక్కన డాలర్ గుర్తు. అది చూసినప్పుడు మాత్రం కడుపులో ఏదో అయింది, ఎందుకో సరిగ్గా చెప్పలేను.

రాత్రి వాడే సపరేట్‌గా మెసేజ్ పెట్టినాడు, 'తల మౌంటింగ్‌కి ఇచ్చినా, చాన్నెళ్ళు పడుతుందంట, వచ్చినాక తిరుపతి ఇంట్లో హాల్లో పెడదామా బావా' అని. హాల్లో యాడరా, వెంకన్న పటానికి ఎదురుగానా? అవ్వని అడుగు అని చెప్పి ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టేసినా.