సవరణ: బైకు మరమ్మతు బల్లకు పైపలక మందం, వైస్ బిగింపు

ఇంట్లో బైకు మరమ్మతులకు బల్ల చేసుకోవడం గురించి ఇదివరకు రాసినప్పుడు, పైపలకకు 12 మి.మీ. ప్లైవుడ్ చాలునని, భాగాలను కదలకుండా దవడల మధ్య బిగించి పట్టే పనిముట్టైన వైస్‌ను స్క్రూలతో బిగించవచ్చని చెప్పాను. ఆ రెండూ తప్పు. బేరింగును సుత్తితో కొట్టి దింపేటప్పుడు పలుచని పలక అదురుతుంది, వైస్‌లో పట్టిన భాగాన్ని బలంగా తిప్పినప్పుడల్లా స్క్రూలు చెక్కలో వదులై చివరికి ఊడివస్తాయి. అందుచేత 18 మి.మీ. పలకలు రెండింటిని జిగురుతో అతికించి 36 మి.మీ. మందం తెచ్చుకోవాలి, వైస్‌ను బల్ల కాలికి దగ్గరగా నిలిపి, పలక అడుగు దాకా రంధ్రాలు వేసి, కింద వెడల్పాటి వాషర్లు పెట్టి నట్టుబోల్టులతో బిగించాలి. పాత కొలతలతో ఇప్పటికే బల్ల చేసుకున్నవారు దానిని విప్పనక్కరలేదు, పైన 18 మి.మీ. పలక మరొకటి అతికించి వైస్ బిగింపును మార్చుకోవచ్చు. కాళ్ల మధ్య ఏటవాలు పట్టీలు తప్పనిసరి అన్న మాటలో మార్పు లేదు.